దొడ్డిదారి బాబాయి, చాడీల గడియారం

దొడ్డిదారి బాబాయి ఏ చోటికీ తిన్నగా వచ్చిన మనిషి కాదు. ఇల్లు కానివ్వండి, బ్యాంకు కానివ్వండి, ఆస్పత్రి కానివ్వండి, ముందు దాని చుట్టూ ఒక రౌండు కొట్టాలి. లోపలికి దారులెన్ని, ఏ దారిలో ఎవరు కాపలా, ఆ కాపలావాడు వచ్చేవాళ్ళని ఏమడుగుతున్నాడు, అసలేమైనా అడుగుతున్నాడా అన్నవి తేలాకే ఆయన కాలు గడప దాటేది. భోజనానికి పిలిస్తే అన్నం చల్లారేది, కూర చల్లారేది, పిలిచినవాళ్ళ ఉత్సాహం కూడా చల్లారేది. అప్పుడు వంటింటి కిటికీలో ఓ గుండ్రటి బట్టతల ఉదయించేది.

"అమ్మాయ్, మీ వంటింటి తలుపుకి గడియ బయటివైపు పెట్టారేమిటే?"

"ముందు లోపలికి రండి బాబాయ్!"

"ఎటునుంచి రమ్మంటావు? మూడు దారులున్నాయి. రెండింట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు."

అలాగని తలుపు తోసి చూస్తాడా అంటే, అదీ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ సాచి, కొంగలా చూస్తాడంతే. "తోసి చూడొచ్చుగా, తెరుచుకుంటుందో లేదో తేలిపోతుంది" అంటే ఆయనకి కోపం వచ్చేది. "తోస్తే ఇవాళ తెరుచుకుందో లేదో తెలుస్తుంది. చూస్తే ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుస్తుంది" అనేవాడు.

దొడ్డిదారిన ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళూ, దొడ్డిదారిన బిల్లులు పాస్ చేయించుకున్నవాళ్ళూ ముందు గుమ్మంలోంచే దర్జాగా నడుస్తారు. వాళ్ళని "గారు" అంటాం. జన్మలో ఒక్క పని అడ్డదారిన చేయని ఈ మనిషికి మాత్రం దొడ్డిదారి అని పేరు పెట్టాం. లోకం తీరే అంత.

ఒకసారి నాతో బ్యాంకుకి వచ్చాడు. నేను వరుసలో నిలబడి ఉండగా బయట గోల వినిపించింది. వెళ్ళి చూస్తే సెక్యూరిటీ గార్డు బాబాయి మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"వెనక తలుపు దగ్గర నీకేం పని?"

"చూస్తున్నా. ఇక్కడ వచ్చేవాళ్ళని ఎవరూ ఏమీ అడగడం లేదు."

"నేను అడుగుతున్నాగా ఇప్పుడు!"

"నన్ను అడిగారు, చాలా సంతోషం. మీరు టీకి వెళ్ళినప్పుడు ఎవరడుగుతారు?"

"టీకి వెళ్ళేటప్పుడు తాళం వేస్తాను."

"తాళంచెవి?"

"ఇదిగో, ఈ మేకుకి తగిలిస్తా..." అని గార్డు నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత బాబాయి ఆ వీధిలో కనిపిస్తే చాలు, గార్డు దూరం నుంచే జేబు తట్టి, తాళంచెవి బయటికి తీసి ఊపి చూపించేవాడు. నమస్కారానికి బదులు అన్నమాట.

సినిమాకి తీసుకెళ్ళడం ఇంకా ఘోరం. సగం సినిమా అయిపోయినా ఆయన కుర్చీ ఖాళీయే. ఆయన భార్య, మేమంతా పిన్ని అని పిలిచే ఆవిడ, పాప్‌కార్న్ నములుతూ నిశ్చింతగా ఉండేది.

"కంగారు పడకే. హాలు చుట్టుకొలత పెద్దది. వస్తారు."

ఒకసారైతే ఇంటర్వెల్ కూడా అయిపోయాక వచ్చాడు. చొక్కా నలిగిపోయింది. రెండు చేతులకీ తుప్పు మరకలు.

"ఇప్పటిదాకా ఏమైంది కథ?"

"హీరోయిన్‌ని ఎత్తుకుపోయారు బాబాయ్."

"ఎటునుంచి?"

ముందు వరుసలవాళ్ళు కూడా తిరిగి నవ్వారు.

నా కడుపు ఆపరేషనప్పుడు చేసిన నిర్వాకం అయితే నేను చాలాకాలం మర్చిపోలేదు. నన్ను ఆడవాళ్ళ వార్డులో పడుకోబెట్టారు. కిటికీ పక్కన మంచం, బయట పచ్చటి చెట్టు. ఈయన నన్ను చూడ్డానికి ముందు గేటు నుంచి రాకుండా, ఉతికిన దుప్పట్లు తెచ్చే తలుపు దాకా వచ్చి అక్కడే నిలబడి హెడ్‌నర్సుతో వాదన పెట్టుకున్నాడు. ఫలితం ఏమిటంటే, మర్నాడు నా మంచం ఎత్తి వార్డు రెండో చివర, బాత్రూం పక్కన పడేశారు. చెట్టు పోయి ఫినాయిల్ వచ్చింది. "చూడ్డానికి వచ్చినవాడు ఆపిల్ పళ్ళు తేవాలి గానీ మంచాలు మార్పిస్తాడా?" అని నేను ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఇలాంటి లక్షణం ఉన్న మనిషికి ఇంట్లో చీవాట్లూ, బయట అనుమానపు చూపులూ తప్ప ఏం దొరుకుతాయి? మా ఆఫీసులో మాత్రం జీతం దొరికింది.

మా కంపెనీ ఫోన్లకి ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేది. అంటే, ఫోనులో మీకు కనిపించే బొమ్మలన్నిటి వెనకా కూర్చుని, ఎవరికి ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో చూసే ఇంటి పెద్ద. ఏదో ఆటల యాప్ వచ్చి "ఫోటోలు ఇలా ఇవ్వు" అంటే, "నువ్వెవరు? ఈ ఫోను గలావిడ ఒప్పుకుందా?" అని అడగాల్సింది ఆ పెద్దే. ఆ అడగడం ఒక్కచోట మర్చిపోతే ఇల్లు గుల్ల. మర్చిపోయిన చోట్లు వెతకడం బాబాయి పని. ఆయన చెప్పిన దాన్ని మామూలు మనుషులకి అర్థమయ్యేలా రాయడం నా పని.

టెస్టింగ్ వాళ్ళు సిస్టమ్‌ని నడిపి చూస్తారు. బాబాయి నడపడు. ఇక్కడా తలుపు తొయ్యడన్నమాట. ఆయన తయారుచేసిన ప్రోగ్రాం ఒకటుండేది. అది సిస్టమ్‌ని నడపకుండానే కోడ్ మొత్తం చదివి, ఒక్కో విలువైన వస్తువు దగ్గరికి ఎటునుంచి ఎటు రావచ్చో గీసి, ఏ దారిలో "నువ్వెవరు" అన్న ప్రశ్న లేదో పట్టి ఇచ్చేది. ఆఫీసులో వాళ్ళు దానికి "అత్తగారు" అని పేరు పెట్టారు, వంట రుచి చూడకుండానే వంకలు పెడుతుందని.

నాకు ఒళ్ళు మండింది. "అత్తల మీద జోకులు ఇంకా ఎన్నేళ్ళు వేస్తారు? వంటగదిలో మాడేది అత్తా కోడలూ ఇద్దరూ. పడక్కుర్చీలోంచి లేవకుండా, ఇంట్లో ఒక్క పుల్ల ఇటుది అటు పెట్టకుండా, అన్నిటికీ వంకలు పెట్టేదెవరు?"

బాబాయి తలూపాడు. "అమ్మాయి చెప్పింది నిజం. ఇది లేవదు, కదలదు, వంకలు పెడుతుంది. ఇది మావగారు." ఆ రోజు నుంచి అది మావగారే అయింది.

మావగారి వంకల్లో చాలావరకు ఉత్తవి. కోడ్‌లో ఎక్కడో వేరే చోట ఆ ప్రశ్న అడిగి ఉండేవాళ్ళు, పాపం మావగారికి అది కనిపించేది కాదు. అందుకని ఆఫీసులో అందరూ ఆ వంకల్ని కొట్టిపారేసేవాళ్ళు. బాబాయి మాత్రం ఒక్కోదాన్నీ కూర్చుని విప్పేవాడు. "ఉత్తదైతే ఉత్తదని చూసి చెప్పాలి. చూడకుండా ఉత్తదంటే మనం మావగారికన్నా అధ్వాన్నం."

ఆయనకి లోకంలో శత్రువు ఒక్కటే. అది మనిషి కాదు, మాట. "ముందే అడిగి ఉంటారులే" అన్న మాట. ఒకసారి ఆఫీసులో అందరం కలిసి వండుకున్నాం. కూర నోట పెడితే చప్పిడి. "ఉప్పెవరు వేశారు?" అంటే తరిగినవాళ్ళు పోపు వేసినవాళ్ళని, పోపు వేసినవాళ్ళు గరిటె తిప్పినవాళ్ళని చూశారు. అందరూ "ముందే వేసి ఉంటారులే" అనుకున్నారు. బాబాయి ఆనందంతో లేచి నిలబడ్డాడు. "ఇదే! సిస్టమ్‌లో దొంగలు దూరే కన్నాలన్నీ ఇలాగే పడతాయి. ఎవరూ ద్రోహం చేయరు. అందరూ ఇంకొకర్ని నమ్ముతారు." అలా అంటూనే చప్పిడి కూర రెండోసారి వడ్డించుకున్నాడు. పిన్ని ఆయనకి రక్తపోటని ఇంట్లో అదే పెట్టేది, తేడా తెలియలేదు.

మా మేనేజరుది వేరే జబ్బు. ఏం చెప్పినా "గడువెప్పటికి?" అనేవాడు. పెళ్ళిపత్రిక ఇచ్చినా "గడువెప్పటికి?" అన్నాడట. ఆయన్ని గడువు గారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. పైవాళ్ళు ఆయన్ని తరుముతుంటే, ఆయన మమ్మల్ని తరిమేవాడు.

ఇక ఫిర్యాదుల అక్క. మా ఫోన్లు కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిట్టే తిట్లన్నీ వినే ఉద్యోగం ఆవిడది. ఊరందరి ఫిర్యాదులూ వినే మనిషి తన ఫిర్యాదు మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడ భర్త చెయ్యి చేసుకునేవాడు. కూతుర్ని తీసుకుని బయటికొచ్చేసి గది అద్దెకి తీసుకుంది. అది ధైర్యం. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆవిడ ఎక్కడికి వెళ్తే అక్కడ ఆయన ప్రత్యక్షం. పళ్ళ దుకాణం దగ్గర, స్నేహితురాలి వీధిలో, చివరికి కూతురి బడి దగ్గర. ఏమీ అనడు. నిలబడి నవ్వుతాడు. గది మార్చినా వీధి చివర తేలాడు.

చెబితే జనం ఏమన్నారో తెలుసా? "నువ్వే ఎవరికో చెప్పి ఉంటావు." "ఫోను పారేయరాదూ?" "ఊరు మారిపోరాదూ?" మారాల్సింది ఎప్పుడూ ఆవిడే! వెంటపడేవాణ్ణి మారమని ఒక్కరూ అనలేదు.

ఆ రోజుల్లోనే బాబాయి ఆఫీసు నుంచి అక్కతో కలిసి వెళ్ళడం మొదలుపెట్టాడు. అదీ రోజుకో తలుపు నుంచి. ఓ రోజు క్యాంటీన్ వైపు, ఓ రోజు జనరేటర్ గది పక్కనుంచి, ఓ రోజు సామాన్ల లిఫ్టులోంచి. ఆఫీసులో గుసగుసలు లేచాయి. "దొడ్డిదారి బాబాయి ఈ వయసులో నిజంగానే దొడ్డిదారి పట్టాడు" అని ఒకడు నా ఎదురుగానే ఇకిలించాడు.

"ఆ మాట పిన్ని ముందు అను" అన్నాను.

"అంటే?"

"అంటే, పిన్ని బస్టాపులో ఎదురుచూస్తూ ఉంటుంది. ముగ్గురూ కలిసే వెళ్తారు."

వాడు ఇకిలింపు మింగేశాడు. నేను మాత్రం మర్నాడు బాబాయినే అడిగేశాను. "ఏం చేస్తున్నారు మీరు?"

"అక్క మొగుడికి ఏం తెలుసో కనిపెడుతున్నానే."

"ఏం తెలుసు?"

"మనిషిని పెట్టి వెంటాడిస్తే మేం ఏ తలుపు నుంచి వచ్చామో తెలియాలి. తెలియడం లేదు. అంటే వాడికి దారి తెలియదు, చోటు తెలుసు. అదీ సరిగ్గా తెలియదు! మొన్న అక్క దర్జీ కొట్లో ఉంటే, వీడు రెండు వీధులవతల మందుల షాపు ముందు నిలబడి అన్ని వైపులా మెడ తిప్పుతున్నాడు. ఇల్లు తెలియదు, పేట తెలుసు. పేట మాత్రమే తెలిసేది ఎవరికి?"

"ఎవరికి?" అన్నాను.

"టవరుకి! ఫోను ఏ టవరు కింద ఉందో చెబితే పేట తెలుస్తుంది, ఇల్లు తెలియదు."

అక్క పక్కనే ఉంది. తల అడ్డంగా ఊపింది. "నా ఫోనులో చోటు చెప్పేవన్నీ ఎప్పుడో ఆపేశాను బాబాయి గారూ. ఏ యాప్‌కీ అనుమతి లేదు. మా ఆయన నా ఫోను బాగుచేసి ఇస్తానని తీసుకున్నప్పుడు పెట్టిన టార్చిలైటు యాప్ ఒక్కటే మిగిలింది. దానికీ ఏ అనుమతీ లేదు, చూసుకున్నాను."

"చూసుకున్నావమ్మా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ముందు తలుపు వేశావు. మేం కట్టిన ఇంటికే, ఈ సిస్టమ్‌కే, ఇంకో తలుపుంది."

"ఫోను పారేసి కొత్తది కొననా?" అక్క అడిగింది. మళ్ళీ తనే అంది, "పారేయను. ఇలాగే ఉందని ఏడ్చినవాళ్ళ ఫోన్లు ఎన్నో విన్నాను నేను. 'అన్నీ ఆపేశాను, అయినా వస్తున్నాడు' అని. వాటిని 'వాడేవాళ్ళ పొరపాటు' కింద వెయ్యమన్నారు. వేశాను. నేను పారేస్తే నేనొక్కదాన్నే బయటపడతాను. వాళ్ళో?"

బాబాయి ఆవిడకేసి అలా చూసి, లేచి, మావగారి ముందు కూర్చున్నాడు.

మామూలుగా మావగారు తలుపు దగ్గర మొదలుపెట్టి లోపలికి నడుస్తారు. ఈసారి బాబాయి ఆయన్ని తిరగేశాడు. లోపలి వస్తువు దగ్గర, అంటే "ఈ ఫోను ఏ టవరు కింద ఉంది" అన్న కబురు దగ్గర కూర్చోబెట్టి, ఇక్కడి నుంచి బయటికి ఎన్ని దారులు పోతాయో చెప్పమన్నాడు. మావగారు చెప్పుకుంటూ పోయారు. బాబాయి ఒక్కో దారీ చదువుకుంటూ పోయాడు. ఈ దారిలో అడిగారు, సరే. ఇందులోనూ అడిగారు, సరే. టెస్టింగ్ వాళ్ళు "మేం నడిపి చూశాం, ఏమీ లేదు" అన్నారు. "మీరు నడిచిన దార్లలో లేదు" అన్నాడాయన, తల ఎత్తకుండా. కాఫీ చల్లారింది, ఇంకోటి వచ్చింది, అదీ చల్లారింది. పిన్ని క్యారేజీ పంపింది, చప్పిడి కూరతో.

చివరికి దొరికింది. గడియారం!

వేరే దేశం వెళ్తే ఫోనులో టైము దానంతటదే మారుతుంది చూశారా? టవర్ని బట్టే మారుతుంది. అందుకని గడియారానికి టవర్ల సంగతులన్నీ తెలుసు. ఎవరైనా తిన్నగా వెళ్ళి "చోటు చెప్పు" అంటే సిస్టమ్ సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది. గడియారం దగ్గరికి వెళ్ళి "ఏ టవరు చూసి టైము మార్చావు?" అంటే మాత్రం, అది నోరు లేని దానిలా ఉంటూనే చాడీలన్నీ చెప్పేస్తుంది. టార్చిలైటైనా సరే, ఎవరైనా సరే. అక్క ఫోనులోని టార్చిలైటు ఆ చాడీలు విని మొగుడి ఫోనుకి మోసేది. ఆ చోట కోడ్‌లో ఎవరో ఒక వాక్యం రాసిపెట్టారు. "ఇక్కడిదాకా వచ్చినవాళ్ళని ముందే అడిగి ఉంటారు."

బాబాయి ఆ వాక్యం చూసి గట్టిగా చప్పట్లు కొట్టాడు. పాత శత్రువు ఎదురుపడిన ఆనందం!

మర్నాడు గడువు గారి గదిలో కూర్చున్నాం. కొత్త వెర్షన్ విడుదలకి అంతా సిద్ధంగా ఉంది.

"గడియారమా? దానికి టైము తప్ప ఏం తెలుస్తుంది బాబాయి గారూ? వచ్చే వెర్షన్‌లో చూద్దాం."

"వచ్చే వెర్షన్ దాకా ఆ మొగుడు అక్క వెనక నడుస్తూనే ఉంటాడు సార్."

"ఇది మన మావగారి ఉత్త వంకేమో?"

"చదివాను. ఉత్తది కాదు."

"చదివితే సరా? నడిపి చూపించండి. నా ఫోనులో చూపించండి!"

నడిపి చూపించడమంటే తలుపు తొయ్యడమే. బాబాయి నియమానికి విరుద్ధం మరి. అయినా, "మీరు ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాడు.

"ఆ."

"నిజంగా?"

"ఒప్పుకున్నానయ్యా!"

బాబాయి ఆయన ఫోనులో ఏ అనుమతీ లేని ఓ టార్చిలైటు పెట్టాడు. అది గడియారాన్ని అడిగింది. తెర మీద చిట్టా రావడం మొదలవగానే బాబాయి ఫోను బల్ల మీద బోర్లించాడు.

"నిన్న మధ్యాహ్నం పంటి డాక్టరు దగ్గరికని సెలవు పెట్టారు కదా సార్. డాక్టరుది ఏ పేట?"

గడువు గారి మొహంలో రంగులు మారాయి. నిన్న మధ్యాహ్నం ఊళ్ళో క్రికెట్ మ్యాచ్ ఉందని గోడ మీద బల్లికి కూడా తెలుసు.

"ఆగండి" అన్నాడు.

"చెప్పనా?"

"వద్దు!"

"నాకూ వద్దు. నేను చూడలేదు. మీరు ఎక్కడికి వెళ్తే నాకెందుకు? చూసే దారి ఉందనే నా గోల. ఇప్పుడు మీరు 'వద్దు' అని అరిచారు చూశారా, ఆ భయం ఆవిడకి రోజూ ఉంటుంది. మీ వెనక వచ్చేది మహా అయితే పైఆఫీసు. ఆవిడ వెనక వచ్చేవాడు కొడతాడు."

నేనూ నోరు విప్పాను. "విడుదల ఆపకపోతే ఇది నేను బయట రాస్తాను. నా పేరుతోనే రాస్తాను."

"బెదిరిస్తున్నావా?"

"ముందే అడుగుతున్నానండీ. అడగలేదనకుండా."

గడువు గారు బోర్లించిన ఫోనుని తీసి జేబులో వేసుకున్నాడు. "విడుదల ఆపుతాను. పాత ఫోన్లన్నిటికీ కూడా సరిచేసి పంపుదాం. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అని, ఒక్కసారిగా కోపం తెచ్చుకున్నాడు. "అసలు ఆ వాక్యం రాసిన దద్దమ్మ ఎవడు?"

"తలుపు గురించి అడగండి సార్, చెబుతాను. వడ్రంగి గురించి నన్నడక్కండి" అని బాబాయి లేచాడు. తర్వాత నేను కోడ్‌లో వెతికి చూశాను. ఆ వడ్రంగి, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మన గడువు గారే. బాబాయికి ముందే తెలుసు. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. నేనూ అనేదాన్ని కాదు గానీ, ఆయన ఇప్పుడు ఈ కథ తనే చెప్పి నవ్వుతున్నాడు కాబట్టి రాస్తున్నాను.

ఆ సరిచేసే పని నడుస్తుండగా అక్కని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. ఆఫీసరు మా మాట సగం కూడా వినకుండా "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోవాలమ్మా" అన్నాడు.

"ఇల్లు ఫోనులోకి దూరిందండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాం" అంది అక్క. కేసు రాసేదాకా కుర్చీలోంచి లేవనంది. నేనూ లేవనన్నాను.

అంతలో కానిస్టేబుల్ బాబాయిని భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. "సార్, ఈయన స్టేషన్ వెనక తచ్చాడుతున్నాడు."

"మీ సాక్ష్యాల గదికి గాలికోసం పెట్టిన కిటికీకి ఊచల్లేవు" అన్నాడు బాబాయి, పలకరింపుగా.

ఆఫీసరు లేచి వెళ్ళి చూశాడు. తిరిగొచ్చి నీళ్ళు తాగాడు. ఫిర్యాదు శ్రద్ధగా రాసుకున్నాడు. సాక్ష్యం కాబట్టి అక్క ఫోను అక్కడే ఉంచమన్నాడు. బాబాయి ఆ టార్చిలైటుని తీసేయకుండా, ఫోను ఆపేయకుండా, ఛార్జింగులో పెట్టి ఉంచమన్నాడు. ఆ ఫోను వెళ్ళి, ఊచలు పెట్టాక, ఆ గదిలోనే కూర్చుంది.

తర్వాత జరిగింది కానిస్టేబుల్ చెబితే తెలిసింది. అక్క భర్త స్టేషన్ ఉన్న ఆ పేటలో రోజూ తిరగడం మొదలుపెట్టాడట. టీ కొట్టు, బేకరీ, బస్టాపు అన్నీ వెతికాడు. ఈవిడ ఇక్కడే ఉంటోంది, కదలడం లేదు, కనిపించడం లేదు! చివరికి విసుగెత్తి, స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డ ఇదే కానిస్టేబుల్‌కి అక్క ఫోటో చూపించాడు.

"ఈవిణ్ణి ఇటువైపు చూశారా?"

"ఇటువైపు ఉందని మీకెలా తెలుసు?"

"నా పెళ్ళాం ఎక్కడుందో నాకు తెలియదా?"

"అదే మేమూ తెలుసుకోవాలనుకుంటున్నాం. లోపలికి రండి."

ముందు గుమ్మంలోంచి, తన కాళ్ళతో తనే నడిచి వచ్చాడు మహానుభావుడు. కేసు నడిచింది. అక్క దరిదాపులకి రాకూడదని కోర్టు చెప్పింది. ఈసారి మారాల్సింది ఆయనే అయ్యాడు.

సరిచేసిన సిస్టమ్ అందరి ఫోన్లకీ వెళ్ళిన రోజు, అక్క తన బల్ల దగ్గర కూర్చుని, ఒకప్పుడు "వాడేవాళ్ళ పొరపాటు" కింద వేసినవాళ్ళందరికీ తనే ఫోన్లు చేసింది. ఎవరూ చెయ్యమనలేదు. నేను పక్కనే ఉన్నాను. ప్రతి ఫోనూ ఒకేలా మొదలుపెట్టింది. "అమ్మా, మీ పొరపాటు కాదు. మాది." అవతల ఏమనేవాళ్ళో నాకు వినిపించలేదు. అక్క మాత్రం చాలాసేపు వింటూ ఉండేది.

ఆ వారం పిన్ని దగ్గర కూర్చుని బాబాయిని మెచ్చుకుంటూనే ఓ చురక వేశాను. "అయినా పిన్నీ, మనుషుల మీద అంత అనుమానం ఏమిటి ఆయనకి? ప్రతి చోటా దొంగే కనిపిస్తాడా?"

పిన్ని బట్టలు మడతపెడుతూ నవ్వింది. "దొంగ గురించి కాదే పిచ్చిదానా. లోపలున్నవాళ్ళ గురించి. సినిమా హాలుకి ఆలస్యంగా వచ్చారే, గుర్తుందా? అత్యవసరం తలుపుకి గొలుసు చుట్టి తాళం వేశారు. అంత జనం లోపలున్నాం. గొలుసు విప్పేదాకా కదలనని కూర్చున్నారు. వాళ్ళకి తాళంచెవి దొరక్కపోతే రంపం తెప్పించి, కోసే మనిషి వేలు తెగితే ఈయనే కోశారు."

తుప్పు మరకలు గుర్తొచ్చాయి.

"మరి నా ఆస్పత్రి మంచం?"

"ఆ దుప్పట్ల తలుపుకి గడియ లేదు. నీ మంచం దాని పక్కనే. అందుకని జరిపించారు. గడియ వచ్చేదాకా ఆ తలుపుకి అవతల స్టూలేసుకుని కూర్చున్నారు. నీతో చెప్పొద్దన్నారు, భయపడతావని. నువ్వేమో ఆపిల్ పళ్ళు తేలేదని అలిగావు!"

"తెచ్చారా?"

"తెచ్చారు. స్టూలు మీద కూర్చుని ఊసుపోక తినేశారు."

బాబాయి ఉద్యోగ విరమణ రోజున ఆయన్ని ఒక్కసారైనా ఓడించాలని ఆఫీసంతా కంకణం కట్టుకుంది. ఎటునుంచి వచ్చినా స్వాగతం చెప్పాలి. క్యాంటీన్ తలుపు దగ్గర టెస్టింగ్ వాళ్ళు, జనరేటర్ గది పక్కన నేనూ పిన్నీ, సామాన్ల లిఫ్టు దగ్గర పూలగుత్తి పట్టుకుని గడువు గారు స్వయంగా, మెట్ల కింద అక్కా ఆవిడ కూతురూ. గేటు వాచ్‌మన్‌ని కూడా లాక్కొచ్చి మేడ మీది తలుపు దగ్గర నిలబెట్టారు. ఎదురుచూశాం. చూశాం. చెమటలు పట్టాయి. "గడువెప్పటికి?" అని గడువు గారు అరిచాడు.

చివరికి విసిగిపోయి అందరం హాల్లోకి వెళ్ళాం. బాబాయి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, కేకు సగం తినేసి ఉన్నాడు.

"ఎటునుంచి వచ్చారు?" అందరం ఒక్కసారే అరిచాం.

"ముందు గుమ్మం నుంచి! తిన్నగా!" అన్నాడు, క్రీము మీసాలతో. "ఇన్నేళ్ళలో మొదటిసారి. గేటు దగ్గర ఎవరూ లేరు. తలుపు బార్లా తెరిచి ఉంది. నువ్వెవరని ఒక్కరూ అడగలేదు!"

గడువు గారు వాచ్‌మన్ వైపు తిరిగాడు. వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"నేను పైకి పోతూ తలుపు మీకొదిలేశాను కదా సార్. ఎవరొచ్చినా మీలో ఎవరో ఒకరు... ముందే అడిగి ఉంటారులే అనుకున్నా."

బాబాయి మొహం దీపంలా వెలిగిపోయింది. కేకు పళ్ళెం పక్కన పెట్టి, నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, కాగితం తియ్యి. నేను పట్టిన కన్నాల్లో ఇది ఆఖరుది."